పెంచిన బ్రాడ్‌బ్యాండ్ రుసుము.. ప్రశ్నించేది ఎలా?

ధర నిర్ణయించే స్వేచ్ఛ సంస్థది.. ఇచ్చిన మాట నిలుపుకోవాల్సిన బాధ్యతా సంస్థదే

తెనాలి: పాల బిల్లు, కరెంటు బిల్లు, కేబుల్ బిల్లుల వరుసలో ఇప్పుడు అంతర్జాల బిల్లు కూడా మధ్యతరగతి ఇంటి ఖర్చులో స్థిరపడిపోయింది. పిల్లల పాఠాలు, పోటీ పరీక్షల దరఖాస్తులు, బ్యాంకు లావాదేవీలు, ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు ఆ సన్నని తీగ మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ బిల్లు ఒక నెలలో హఠాత్తుగా వంద రూపాయలకు పైగా పెరిగితే ఇంటి యజమానికి రెండు దారులే కనిపిస్తాయి. గొణుక్కుంటూ కట్టడం ఒకటి. కోపంతో కనెక్షన్ తీసేయించడం మరొకటి. కాగితం మీద పెట్టి ప్రశ్నించే మూడో దారి ఒకటి ఉందని, దానికి రూపాయి ఖర్చు లేదని చాలామందికి తెలియదు.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తల్లి బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోంది. కుమార్తె ఇంట్లోనే ఉండి పోటీ పరీక్షలకు చదువుతోంది. నెలకు 499 రూపాయల పథకాన్ని ఆరు నెలలకు ముందుగానే సొమ్ము చెల్లించి తీసుకున్నారు. 18 శాతం జీఎస్టీతో కలిపి మొత్తం 3,532 రూపాయల 92 పైసలు. మూడు నెలలు గడిచాక సంస్థ నుంచి సెల్‌ఫోనుకు సందేశం వచ్చింది. పథకం ధర 599 రూపాయలకు పెరిగిందని, మిగిలిన మూడు నెలలకు తేడా సొమ్ము 354 రూపాయలు చెల్లించకుంటే సేవ నిలిచిపోతుందని దాని సారాంశం.

పక్క వీధిలో ఉన్న బంధువుదీ అదే పథకం. అయితే ఆయన ఏ నెలకానెల కట్టుకుంటున్నారు. కనెక్షన్ తీసుకుని రెండేళ్లు దాటింది. ఆయనకు కూడా వచ్చే నెల నుంచి 599 రూపాయలేనని సందేశం అందింది. ఇద్దరి బాధా ఒకటే. కానీ చట్టం దృష్టిలో ఇద్దరి పరిస్థితి వేరు. ఆ తేడాను అర్థం చేసుకుంటే సగం పని పూర్తయినట్లే.

ధరలపై నియంత్రణ ఉందా?

'ఇష్టం వచ్చినట్లు పెంచుతుంటే ప్రభుత్వం ఏం చేస్తోంది?' అన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. టెలికాం రంగాన్ని పర్యవేక్షించేందుకు 1997లో భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) ఏర్పాటైంది. ధరలను నిర్ణయించే అధికారం చట్టప్రకారం ఆ సంస్థకు ఉంది. అయినా పోటీ ఉన్న చోట ధరలు వాటంతట అవే అదుపులో ఉంటాయన్న ఉద్దేశంతో ఇంటర్నెట్ సేవల ధరలను కంపెనీల విచక్షణకే విడిచిపెట్టింది. కంపెనీలు కొత్త ధరను ప్రకటించిన ఏడు పనిదినాల లోపు ట్రాయ్‌కు తెలియజేస్తే సరిపోతుంది. ముందస్తు అనుమతి అవసరం లేదు. సెల్‌ఫోను సంస్థలు 2019 డిసెంబరులో, 2021 చివరలో, 2024 జులైలో వరుసగా ధరలు పెంచినప్పుడు కూడా ఇదే విధానం వర్తించింది.

కాబట్టి '599 రూపాయలు చాలా ఎక్కువ' అన్న వాదనతో ఎక్కడికి వెళ్లినా పెద్దగా ఫలితం ఉండదు. '499కి ఆరు నెలలు ఇస్తానని సొమ్ము తీసుకొని ఇప్పుడు మాట మారుస్తున్నారు' అన్న వాదనకు మాత్రం బలం ఉంది. ధర న్యాయమైనదా, కాదా అన్న చర్చను పక్కనపెట్టి, కుదిరిన ఒప్పందం ఏమిటి, దాన్ని సంస్థ ఎక్కడ మీరింది అన్న విషయానికి ఫిర్యాదును పరిమితం చేయాలి.

ముందుగా బిల్లు చదవండి

ఫిర్యాదు చేయడానికి ముందు పాత బిల్లును, కొత్త బిల్లును పక్కపక్కన పెట్టుకొని చూడాలి. పెరుగుదల సాధారణంగా ఈ కింది వాటిలో ఏదో ఒక కారణంగా వస్తుంది.

పన్ను: ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే ధరలో తరచూ జీఎస్టీ కలిసి ఉండదు. 499 రూపాయల పథకానికి 18 శాతం పన్ను కలిపితే 588 రూపాయల 82 పైసలవుతుంది. ఇది ధర పెంపు కాదు. పన్ను అదనమని ఎక్కడా చెప్పకుండా అమ్మితే మాత్రం అడగవచ్చు.

ప్రారంభ రాయితీ ముగియడం: తొలి మూడు నెలలకో, ఆరు నెలలకో తక్కువ ధర అని చెప్పి కనెక్షన్ ఇస్తారు. గడువు తీరాక అసలు ధర వస్తుంది. ఈ సంగతి దరఖాస్తులోగానీ సందేశంలోగానీ స్పష్టంగా రాసి ఉంటే సంస్థను తప్పుపట్టలేం. 'ఎప్పటికీ ఇదే ధర' అని రాతపూర్వకంగా చెప్పి ఉంటే కథ వేరు.

అడగని సేవలు: సినిమాల చందా, రౌటరు అద్దె, నిర్వహణ రుసుము వంటి పేర్లతో కొత్త వరుసలు బిల్లులో చేరతాయి. మీరు కోరకుండా చేర్చిన ప్రతి సేవకూ అభ్యంతరం తెలిపే హక్కు ఉంది. చెప్పిన ధర ఒకటి, చివరకు వసూలు చేసేది మరొకటి కావడం, అడగని వస్తువును బిల్లులో కలపడం, చందా రద్దు చేసుకునే దారి దొరక్కుండా చేయడం వంటివాటిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపూరిత ధోరణులుగా పేర్కొంది.

చాటు పెంపు: ధర మారదు. కానీ అధిక వేగంతో వాడుకునే డేటా పరిమితి తగ్గుతుంది. ఎంత డేటా తర్వాత వేగం ఎంతకు పడిపోతుందో వినియోగదారుకు స్పష్టంగా తెలియజేయాలని ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. చెప్పకుండా కోత పెడితే అది కూడా ఫిర్యాదుకు తగిన అంశమే.

అసలైన పెంపు: పై కారణాలేవీ లేకుండా మూల ధరే పెరగడం. ఇందులోనూ రెండు రకాలు. ముందుగా చెల్లించిన గడువు మధ్యలో పెంచడం ఒకటి. గడువు ముగిశాక తర్వాతి విడతకు పెంచడం మరొకటి.

ఎవరి వాదనకు ఎంత బలం?

మన ఉదాహరణలోని కుటుంబం ఆరు నెలలకు సొమ్ము ముందే చెల్లించింది. సంస్థ దాన్ని తీసుకొని రశీదు ఇచ్చింది. అక్కడితో ఒప్పందం కుదిరింది. ఒక పక్షం తనంతట తానుగా, రెండో పక్షం అంగీకారం లేకుండా కుదిరిన ఒప్పందాన్ని మార్చడానికి వీల్లేదన్నది 1872 నాటి ఒప్పందాల చట్టం నుంచీ ఉన్న సూత్రం. 354 రూపాయల తేడా చెల్లించాల్సిన అవసరం ఆ కుటుంబానికి లేదని గట్టిగా వాదించవచ్చు.

దీనికి తోడు టెలికాం ధరల ఉత్తర్వుకు ట్రాయ్ 2006లో ఒక సవరణ చేసింది. పథకంలో చేరిన తేదీ నుంచి ఆరు నెలల వరకు అందులోని ఏ ధరనూ పెంచరాదని, ఆరు నెలలకు మించిన గడువుకు ముందస్తు సొమ్ము తీసుకుంటే ఆ గడువు మొత్తం పెంచరాదని దాని సారాంశం. అయితే ఈ నిబంధనను ఫోన్ సేవలందించే లైసెన్సు కలిగిన సంస్థలను ఉద్దేశించి రాశారు. కేవలం ఇంటర్నెట్ లైసెన్సుతో నడిచే సంస్థ విషయంలో దీనిపైనే ఆధారపడకుండా, ఒప్పంద పత్రాన్ని, రశీదును ముందుంచడం మేలు.

బంధువు పరిస్థితి వేరు. ఆయన నెలవారీ చందాదారు. చేరి రెండేళ్లయింది. వచ్చే నెలకు కొత్త ధర అడిగే స్వేచ్ఛ సంస్థకు ఉంది. వద్దనుకుని మరో సంస్థకు మారే స్వేచ్ఛ ఆయనకు ఉంది. ఆయన ఫిర్యాదు కన్నా బేరం మీద దృష్టి పెట్టడం ప్రయోజనకరం. కనెక్షన్ మానుకుంటానని వినియోగదారుల సేవా కేంద్రానికి చెబితే పాత ధరనో, తక్కువ ధర గల మరో పథకాన్నో ఇవ్వజూపే సందర్భాలు ఉంటాయి. ఇంట్లో అవసరానికి మించిన వేగం తీసుకున్నారేమో కూడా చూసుకోవచ్చు.

అయితే సందేశం అందిన తేదీని ఆయన కూడా గమనించాలి. ముందుగా చెప్పకుండా గడిచిన నెలకు సైతం కొత్త ధర వేసి బిల్లు పంపితే, ఆ ఒక్క నెల వరకు ఆయన వాదన కూడా బలమైనదే.

కోపంతో బిల్లు ఆపవద్దు

ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. పెంచారన్న కోపంతో మొత్తం బిల్లు కట్టడం మానేస్తారు. సంస్థ దృష్టిలో అది వివాదం కాదు, బకాయి. సేవ నిలిచిపోతుంది. సరిగ్గా దరఖాస్తు చివరి తేదీ నాడు కుమార్తెకు అంతర్జాలం లేకపోతే నష్టపోయేది ఆ కుటుంబమే. ఆ తర్వాత బకాయి వసూలు పేరిట ఫోన్లు మొదలవుతాయి. మాట్లాడాల్సిన అసలు విషయం మరుగున పడుతుంది.

వివాదం లేని పాత మొత్తాన్ని గడువులోగా చెల్లించి, తేడా సొమ్ముపై మాత్రమే అభ్యంతరం తెలపడం మంచి పద్ధతి. పాత మొత్తాన్ని విడిగా తీసుకోవడానికి సంస్థ ఒప్పుకోకపోతే, సేవ తప్పనిసరి అయినవారు పూర్తి సొమ్ము చెల్లించి, అదే రోజు 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, అదనపు సొమ్ము తిరిగి కోరుతున్నాను' అని రాతపూర్వకంగా పంపాలి. మౌనంగా కట్టుకుంటూ పోతే కొత్త ధరకు అంగీకరించినట్లేనని రేపు సంస్థ వాదించవచ్చు.

బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే సొమ్ము వెళ్లే ఏర్పాటు చేసుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు, యూపీఐ వంటి ముందస్తు అనుమతులపై సొమ్ము తీసుకునేందుకు కనీసం 24 గంటల ముందు వినియోగదారుకు సందేశం రావాలి. అందులో మొత్తం ఎంతో ఉంటుంది. ఆ విడతను ఆపే వీలు, అనుమతిని రద్దు చేసుకునే వీలు ఉండాలి. ఆ సందేశాలను చదవకుండా తుడిచివేయడం అలవాటైనవారికి పెంపు సంగతి నెలల తర్వాతగానీ తెలియదు. అనుమతి ఇచ్చేటప్పుడే గరిష్ఠ పరిమితిని పథకం ధరకు దగ్గరగా పెట్టుకుంటే అదనపు వసూలుకు అక్కడే అడ్డుకట్ట పడుతుంది.

తొలి మెట్టు: ఫిర్యాదు సంఖ్య

టెలికాం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కారానికి ట్రాయ్ 2012 జనవరిలో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి సంస్థలో రెండంచెల ఏర్పాటు ఉండాలి. మొదటిది ఫిర్యాదుల కేంద్రం. రెండోది అప్పీలు అధికారి. ఇంటర్నెట్ సంస్థలకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి. మరీ చిన్న సంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి.

ఫిర్యాదు కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు తప్పనిసరిగా అడిగి తీసుకోవాల్సింది ఫిర్యాదు సంఖ్య. దీన్నే డాకెట్ నంబరు అంటారు. అది లేకపోతే రేపు మీరు ఫోన్ చేసిన సంగతే సంస్థ పుస్తకాల్లో ఉండదు. 'చూస్తాం సార్' అన్న మాటతో ఫోన్ పెట్టేయకండి. తేదీ, సమయం, మాట్లాడిన వారి పేరు, చెప్పిన జవాబు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. బిల్లులపై ఫిర్యాదులను పరిష్కరించేందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల గడువు ఉంటుంది.

ఫోనుతో ఆగకుండా అదే విషయాన్ని ఈ-మెయిల్‌లోనూ పంపాలి. లేఖ పొడవుగా ఉండనక్కర్లేదు. ఆవేశం అసలే అక్కర్లేదు. నమూనా ఇలా ఉండవచ్చు:

'అయ్యా, నా కనెక్షన్ సంఖ్య ........ తేదీ ........న నెలకు 499 రూపాయల పథకాన్ని ఆరు నెలల కాలానికి తీసుకొని, పన్నుతో కలిపి 3,532 రూపాయల 92 పైసలు చెల్లించాను. రశీదు ప్రతి జతచేశాను. గడువు తేదీ ........ వరకు ఉండగా, మధ్యలో ధర పెంచినట్లు తెలుపుతూ 354 రూపాయలు అదనంగా చెల్లించాలని తేదీ ........న సందేశం పంపారు. ఈ పెంపునకు నేను అంగీకరించలేదు. చెల్లించిన గడువు ముగిసే వరకు పాత ధరకే సేవ కొనసాగించాలని, అదనపు మొత్తాన్ని ఖాతా నుంచి తొలగించాలని కోరుతున్నాను. మధ్యలో ధర పెంచేందుకు మీకు అవకాశం కల్పించే నిబంధన ఏదైనా ఉంటే, నేను అంగీకరించిన పత్రం ప్రతితో సహా పంపగలరు. ఫిర్యాదు సంఖ్య ........'

చివరి వాక్యం కీలకం. 'సంస్థకు ఎప్పుడైనా ధరలు మార్చే హక్కు ఉంది' అన్న వాక్యం అనేక ఒప్పందాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంస్థ దాన్నే చూపించవచ్చు. అప్పుడు ఆ పత్రాన్ని మీకు ఎప్పుడు ఇచ్చారు, మీరు ఎక్కడ సంతకం చేశారు, ముందే సొమ్ము తీసుకున్న కాలానికీ అది వర్తిస్తుందని ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. వాటికి జవాబు చెప్పాల్సింది సంస్థే.

రెండో మెట్టు: అప్పీలు

గడువులోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. ఇందుకు ఎలాంటి రుసుమూ లేదు. ఫిర్యాదు పరిష్కారమైన నాటి నుంచి, లేదా పరిష్కార గడువు ముగిసిన నాటి నుంచి 30 రోజుల లోపు అప్పీలు చేసుకోవాలి. 39 రోజుల లోపు దానిపై నిర్ణయం వెలువడాలి. అప్పీళ్లను పరిశీలించి సలహా ఇచ్చే ఇద్దరు సభ్యుల సంఘంలో ఒకరు ట్రాయ్ వద్ద నమోదైన వినియోగదారుల సంస్థకు చెందినవారై ఉండాలి. అప్పీలు అధికారి చిరునామా, ఈ-మెయిల్ సంస్థ వెబ్‌సైటులో ఉండాలి.

'అప్పీలు అధికారి కూడా కంపెనీ మనిషే కదా, ఏం లాభం?' అని చాలామంది ఈ మెట్టును దాటేస్తారు. కింది స్థాయి ఉద్యోగికి బిల్లు సవరించే అధికారం ఉండదు. పై స్థాయికి కాగితం చేరాకే కొన్ని పనులవుతాయి. పైగా బయటి వేదికకు వెళ్లినప్పుడు 'మాకు అవకాశమే ఇవ్వలేదు' అని సంస్థ చెప్పుకునే వీలుండదు.

ట్రాయ్‌కు నేరుగా రాస్తే?

వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. తన వద్దకు వచ్చిన వాటిని సంబంధిత సంస్థకు పంపిస్తుంది. కేంద్ర టెలికాం శాఖకు ప్రజా ఫిర్యాదుల విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్ ద్వారా అక్కడికి రాయవచ్చు. సంస్థకు చేసిన ఫిర్యాదు, అప్పీలు వివరాలు జతచేయాలి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వ్యాజ్యానికి ముందు సంస్థతో రాజీ కుదిర్చే ప్రయత్నం అక్కడ జరుగుతుంది. చిన్న మొత్తాల వివాదాల్లో కోర్టు మెట్లెక్కకుండా పరిష్కారం కోరుకునేవారు ముందు ఈ మార్గాన్ని ప్రయత్నించడం మంచిది.

వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంది

టెలికాం వివాదాలపై వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చా, లేదా అన్న విషయంలో కొన్నేళ్లపాటు సందిగ్ధం నెలకొంది. కేరళకు చెందిన ఒక టెలిఫోన్ చందాదారు కేసులో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు కారణం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నందున ఫోరానికి అధికారం లేదని ఆ తీర్పు పేర్కొంది. దాన్ని చూపించి సంస్థలు ఫిర్యాదులను అడ్డుకోజూసేవి.

2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఆ సందిగ్ధాన్ని తొలగించింది. గుజరాత్‌కు చెందిన ఒక సెల్‌ఫోను వినియోగదారుకు సగటున నెలకు 555 రూపాయలు వచ్చే బిల్లు, 2013లో ఒకే నెలకు 24,609 రూపాయలు వచ్చింది. ఆయన 2014లో అహ్మదాబాద్ జిల్లా ఫోరాన్ని ఆశ్రయించారు. ఫోరానికి విచారణాధికారం లేదని సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టెలిగ్రాఫ్ చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల వేదికల తలుపులు మూసుకుపోవని కోర్టు స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవల నిర్వచనంలో టెలికాంను పేరు పెట్టి మరీ చేర్చింది. అది 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది.

ఈ చట్టం సామాన్యుడికి అనుకూలమైన వెసులుబాట్లు కల్పించింది. సంస్థ కార్యాలయం ముంబయిలో ఉన్నా, దిల్లీలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే దాఖలు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. స్వయంగా వాదించుకోవచ్చు. 2025 జనవరిలో ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

వ్యాపార అవసరాలకు తీసుకున్న కనెక్షన్లు ఈ చట్టం పరిధిలోకి రావు. అయితే స్వయం ఉపాధితో జీవనం సాగించేందుకు తీసుకున్నవారికి మినహాయింపు ఉంది. ఒక కంప్యూటరు పెట్టుకొని నెట్ సెంటర్ నడుపుకునే యువకుడు, కుట్టు పని ఆర్డర్లు సెల్‌ఫోనులో తీసుకునే మహిళ ఈ మినహాయింపును కోరవచ్చు.

ఒప్పందంలోని షరతే అన్యాయంగా ఉందని, దాన్నే కొట్టివేయాలని కోరేవారు మాత్రం జిల్లా కమిషన్‌కు కాకుండా రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఒప్పందాన్ని ఉల్లంఘించారని, సేవలో లోపం ఉందని అనేవారికి జిల్లా కమిషన్ సరిపోతుంది. ఈ తేడా తెలియక వేసిన కేసులు విచారణకు రాకుండానే వెనక్కు వచ్చే ప్రమాదం ఉంది.

కలిసి అడిగితే బలం

ఒక అపార్ట్‌మెంటులోనో, ఒకే వీధిలోనో ఇరవై ఇళ్లకు ఇదే తరహా పెంపు వచ్చిందనుకుందాం. ఒక్కొక్కరి నష్టం 354 రూపాయలే కావచ్చు. అందరూ కలిసి ఒకే లేఖపై సంతకాలు చేస్తే సంస్థ స్థానిక ప్రతినిధి స్వయంగా వచ్చి మాట్లాడే అవకాశం ఎక్కువ. ఒకే రకమైన నష్టం జరిగినవారి తరఫున ఒకరిద్దరు కమిషన్ అనుమతితో ఉమ్మడి ఫిర్యాదు దాఖలు చేసేందుకూ చట్టం వీలు కల్పించింది. వినియోగదారుల బృందానికి, టెలికాం సంస్థకు మధ్య వివాదాన్ని దిల్లీలోని టెలికాం వివాదాల పరిష్కార ట్రైబ్యునల్ కూడా విచారిస్తుంది. కానీ చిన్న మొత్తాలకు అంత దూరం వెళ్లాల్సిన పని ఉండదు.

కేబుల్ ఆపరేటరు చెప్పిన ధరేనా?

చిన్న పట్టణాల్లో, పల్లెల్లో అంతర్జాల కనెక్షన్ చాలావరకు స్థానిక కేబుల్ ఆపరేటరు చేతుల మీదుగానే వస్తుంది. ఆయన నెలనెలా ఇంటికి వచ్చి సొమ్ము తీసుకుంటారు. రశీదు అడిగితే 'మనలో మనకు రశీదెందుకండీ' అంటారు. ధర పెరిగిందని నోటిమాటగా చెబుతారు. పెంచింది కంపెనీయా, ఆయనా అన్నది తేలదు.

ఇలాంటప్పుడు ముందుగా కంపెనీ వెబ్‌సైటులో మీ పథకం ధర చూడాలి. మీ ఖాతాలో లాగిన్ అయి ఈ నెలకు మీ పేరిట ఎంత జమ అయిందో సరిచూడాలి. మీరు 700 రూపాయలిస్తే ఖాతాలో 589 రూపాయలే జమ అయినట్లు కనిపిస్తే, అడగాల్సిన ప్రశ్న ధర పెంపు గురించి కాదు. లైసెన్సు పొందిన సంస్థ తన తరఫున పనిచేసే ప్రతినిధుల చర్యలకు బాధ్యత వహించాలి. కాబట్టి ఫిర్యాదు కంపెనీకే చేయాలి. వీలైనంత వరకు సొమ్మును కంపెనీ ఖాతాకు నేరుగా చెల్లించడం వల్ల ఈ తలనొప్పి తప్పుతుంది.

అయితే ఊళ్లో తీగ తెగితే వచ్చి కలిపేది ఆ ఆపరేటరే. రేపు ముఖం చూసుకోవాల్సిన మనిషి. గొడవ పడకుండా, రశీదు ఇవ్వమని మర్యాదగా, పట్టుదలగా అడగడం ఇద్దరికీ మంచిది.

మారేటప్పుడు జాగ్రత్త

ఏ మార్గంలోనూ ఫలితం లేదనుకుంటే సంస్థను మార్చుకోవచ్చు. సెల్‌ఫోను నంబరులా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను ఒక సంస్థ నుంచి మరో సంస్థకు బదిలీ చేసే ఏర్పాటు లేదు. కొత్త కనెక్షన్ పనిచేయడం మొదలయ్యాకే పాతది రద్దు చేయాలి. రద్దు కోరుతూ రాతపూర్వకంగా పంపి, దానికీ సంఖ్య తీసుకోవాలి. రౌటరును తిరిగి ఇచ్చినట్లు రశీదు తప్పనిసరి. లేకపోతే దాని ఖరీదు పేరిట నెలల తర్వాత బిల్లు రావచ్చు. డిపాజిట్ వాపసు కోరుతూ బ్యాంకు ఖాతా వివరాలు అదే లేఖలో ఇవ్వాలి. ఖాతాలో బకాయి లేదన్న ధ్రువీకరణ తీసుకొని భద్రపరచాలి.

ఇవి దగ్గర ఉంచుకోండి

* కనెక్షన్ తీసుకున్నప్పుడు పూర్తి చేసిన దరఖాస్తు, పథకం వివరాలున్న కరపత్రం లేదా వెబ్‌సైటు పేజీ చిత్రం.
* సొమ్ము చెల్లించిన ప్రతి రశీదు, బ్యాంకు లావాదేవీ వివరం.
* ధర పెంపు తెలిపిన సందేశం, అది అందిన తేదీ. ఫోను మారినా పోకుండా దాని చిత్రం తీసి ఈ-మెయిల్‌కు పంపుకోవాలి.
* ఫిర్యాదు సంఖ్య, అప్పీలు సంఖ్య, సంస్థ ఇచ్చిన జవాబులు.
* స్పీడ్ పోస్టులో పంపిన లేఖల రశీదులు.

మళ్లీ మన ఉదాహరణలోని కుటుంబం దగ్గరికి వద్దాం. ఆ తల్లికి 354 రూపాయలంటే కుట్టు మిషను ముందు కొన్ని గంటల పని. ఆమె చేయాల్సింది చిన్న పనే. 3,532 రూపాయల రశీదు వెతికి తీయాలి. కూతురి చేత పది వాక్యాల లేఖ రాయించి సంస్థకు పంపాలి. తేదీ రాసుకొని జవాబు కోసం చూడాలి. గడువు దాటితే అప్పీలు, ఆ తర్వాత 1915, చివరగా జిల్లా కమిషన్. పక్క వీధి బంధువుకు ఈ దారి అంతగా పనికిరాకపోవచ్చు. ఆయన వచ్చే విడతలో ఆరు నెలలకో, ఏడాదికో ధర ఖాయం చేసుకొని, ఆ మాటను కాగితం మీద తీసుకుంటే మళ్లీ పెంపు వచ్చిన రోజున ఆయన చేతిలోనూ ఒక రశీదు ఉంటుంది.